ట్యాంకు మీది రాతలు



కిందటి టపాలో చిన్న రసానికీ పెద్ద రసానికీ గల తారతమ్యాన్ని గురించి నేను వెలిబుచ్చిన అభిప్రాయాలు కొందరికి రుచించలేదు. బంగినపల్లి పక్షపాతులతో తగవు మళ్ళీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఈసారి మామిడిపండును పక్కన పెట్టి, ఆ పండు కాసే నేల కింది నీటిని గురించీ, ఆ నీరు మా కుళాయిదాకా వచ్చే దారిని గురించీ నాలుగు మాటలు రాయాలనిపించింది. రసహీనమైన విషయమని ముందే మనవి చేస్తున్నాను.

మాది నూజివీడుకు దగ్గరలోని ఒక మెట్ట గ్రామం. నిన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. ఊరి నడుమ, బడికి ఎదురుగా ఒక నీళ్ళ ట్యాంకు ఉంది. ఉద్యోగ విరమణ చేసి సొంత ఊరు చేరిన నాటినుంచి ఉదయపు నడకలో రోజూ దాని కిందుగానే పోతున్నాను. రంగు వెలిసి పెచ్చులు రాలిన చోట్ల పాత అక్షరాలు బయటపడుతుంటాయి. భాషాప్రవీణ చదివే రోజుల్లో శాసనాల భాష మాకొక పాఠ్యాంశం. ఆ చాపల్యం ఇంకా పోలేదు కాబోలు, నిలబడి చదువుతుంటాను. అన్నిటికన్నా అడుగున నీలిరంగులో ‘రక్షిత మంచినీటి పథకం’. దాని మీద ‘స్వజలధార’. పక్కనున్న రేకుల షెడ్డు మీద ‘సుజల’ అన్నంతవరకే మిగిలిన ఒక మాట. అన్నిటికీ పైన, ఇంకా మెరుపు తగ్గని ‘జల్ జీవన్ మిషన్’. ట్యాంకు మాత్రం మొదటిదే. కింది బోరు మూడోది.

ఇక్కడొక పండితుని విసుర్లు క్షమించాలి. అమరకోశంలోని వారివర్గం వల్లించినవారికి ‘జీవనం’ అంటే నీరేనని తెలుసు. ఆ లెక్కన జలజీవనం అంటే నీళ్ళ నీళ్ళు. ‘అమృతం’ కూడా అక్కడ నీటి పేర్లలోనిదే. 2015లో పట్టణాల పథకానికి ‘అమృత్’ అని పలికేటట్టు ఇంగ్లీషు పొడి అక్షరాలు పేర్చినవారికి ఈ సంగతి తెలుసునో తెలియదో! మన రాష్ట్రంలో 2025 డిసెంబరులో ‘అమరజీవి జలధార’ అన్న పేరు వచ్చింది. పొట్టి శ్రీరాములు గారి స్మృతికి నమస్కరిస్తూనే ఒక్క మాట అంటాను. పేర్లలో నీటికి మనకెన్నడూ కరువు రాలేదు.

మా చిన్నతనంలో ఊరికి మంచినీటి చెరువొకటి, దిగుడుబావి ఒకటి. చెరువు నీరు బురదగా ఉంటే కుండ లోపల ఇండుపు గింజ అరగదీసి తేర్చుకునేవారు. తర్వాత చేతిపంపులు వచ్చాయి, మేము బోరింగులనేవాళ్ళం. ఆ తర్వాత ట్యాంకు. ట్యాంకు వచ్చిన కొత్తలో కూడా వీధికొక పంపే ఉండేది. వేసవిలో ఆ పంపు దగ్గర బిందెల వరుస తెల్లవారుజామునే మొదలయ్యేది. నేను పనిచేసిన బడుల హాజరు పట్టీలు తిరగేస్తే ఆ వరుస కనిపిస్తుంది. ఫిబ్రవరి వెళ్ళిందంటే మొదటి పీరియడుకు ఆడపిల్లలు సగం మంది ఆలస్యం. నా తెలుగు వాచకం చాలా ఏళ్ళు మొదటి పీరియడే. ఎన్నో పద్యాలను ఆ పిల్లలు మధ్యనుంచే విన్నారు. ఎందుకు ఆలస్యమని మొదట్లో గద్దించేవాణ్ణి. తర్వాత అడగడం మానేశాను. కనుక ఇంటింటికీ కుళాయి అన్న ఆలోచనను నేను తేలిక చేయడం లేదు. ఇన్ని పేర్లు మారినా ఆ కుళాయికి నీరు నిలకడగా ఎందుకు రాదన్నదే నా ప్రశ్న.

కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. రాజ్యాంగం ప్రకారం నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో తాగునీరు పంచాయతీలకు అప్పగించదగిన విషయాలలో ఒకటి. అంటే అధికారం రాష్ట్రానిది, చాకిరీ పంచాయతీది, డబ్బు సంచీ మూతి మాత్రం ఢిల్లీ చేతిలో ఉంటుంది. 1972–73లో కేంద్రం సత్వర గ్రామీణ నీటి సరఫరా కార్యక్రమాన్ని ఆరంభించింది. కనీస అవసరాల కార్యక్రమం వచ్చిందన్న కారణంతో 1974–75లో దాన్ని ఆపింది. 1977–78లో మళ్ళీ తెచ్చింది. అయిదేళ్ళలో ఇచ్చిన చెయ్యి వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు వచ్చింది. 1986లో తాగునీటికి సాంకేతిక మిషను, 1991లో దానికి రాజీవ్ గాంధీ పేరు, 2002లో స్వజలధార, 2009లో జాతీయ గ్రామీణ తాగునీటి కార్యక్రమం, 2019లో జల్ జీవన్ మిషన్.

పేర్లతోపాటు కొలతలూ మారుతూ వచ్చాయి. మొదట ఊరిని లెక్క పెట్టేవారు. తర్వాత ఆవాసాన్ని. ఇప్పుడు ఇంటిని. తలసరి రోజుకు 40 లీటర్లు అందితే చాలునన్న లెక్క చాలాకాలం నడిచి, ఆ తర్వాత 55 లీటర్లయింది. నలభై లెక్కన ‘పూర్తిగా అందిన’ ఆవాసం యాభై అయిదు లెక్కకు రాగానే ‘పాక్షికం’ అయిపోతుంది. బోరులో ఒక్క చుక్క పెరగదు, తరగదు. ప్రతి మార్పుకూ రాష్ట్ర శాఖవారు చేయవలసిన మొదటి పని కొత్త నమూనా పత్రాలు నింపడం. ఇంజనీర్లను నేను తప్పు పట్టను. ఏ పత్రం నింపితే డబ్బు వస్తుందో ఆ పత్రమే నింపుతారు, వారి స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

స్వజలధార సంగతి కొంచెం విపులంగా రాస్తాను, అందులో నా చేతి రాత కూడా ఉంది గనుక. 2002 డిసెంబరు 25న నాటి ప్రధాని వాజపేయి గారు దాన్ని ప్రారంభించారు. ఊరివారు ఖర్చులో పదో వంతు భరిస్తే మిగిలిన తొమ్మిది వంతులు కేంద్రం ఇస్తుంది. కట్టాక నడుపుకోవలసింది ఊరివారే. ‘ఉచితంగా వచ్చినదానికి విలువ ఉండదు, సొంత డబ్బు పెట్టినవాడే కాపాడుకుంటాడు’ అన్నది అందులోని భావం. నాకది నచ్చింది. ఇప్పటికీ అందులో కొంత సత్యముందనే అనుకుంటున్నాను. మా ఊళ్ళో రెండో బోరుకూ, పై వీధికి గొట్టాలకూ ఆ పథకం కింద అర్జీ పెట్టారు. నా దస్తూరీ బాగుంటుందని కమిటీ లెక్కలు నాకు అప్పగించారు. సెలవు రోజుల్లో ఇంటింటికీ తిరిగి రసీదులు రాసేవాణ్ణి.

పై వీధిలో ఒక వృద్ధురాలు ఉండేది. రాలిన పళ్ళు ఏరి, రసం తీసి, చాపల మీద తాండ్ర పోసి అమ్ముకునేది. చెంగు ముడి విప్పి చిల్లర నాణేలు నా ఎదుట పోసి లెక్కపెట్టించింది. రసీదు చదవలేదు గనుక నన్నే చదివి వినిపించమంది. విని, “అయితే బాబూ, ఇక ఈ నీళ్ళు మావేగా?” అంది. అవునన్నాను.

కొన్నేళ్ళు నిజంగానే బాగా నడిచింది. నెలకింత అని వసూలు చేసి, పంపు నడిపే కుర్రాడికి జీతమిచ్చాము. 2009లో కేంద్రం విధానం మారి, స్వజలధార కొత్త కార్యక్రమంలో కలిసిపోయింది. ఊరివారు విరాళం కట్టి తీరాలన్న నియమం పోయింది. పొరుగున, ఒక్క రూపాయి కట్టని ఊరికి కొత్త ట్యాంకు వచ్చింది. మా వాళ్ళు చూశారు. మరుసటి నెలనుంచి నెలసరి చందా అడగడానికి నాకు నోరు రాలేదు. కమిటీ ఎవరూ రద్దు చేయకుండానే రద్దయింది. దాని పాసుపుస్తకం ఇప్పటికీ మా ఇంటి బీరువాలో ఉంది. 2019 నాటి విధానంలో పదో వంతు విరాళం, కొండ ప్రాంతాలకూ దళిత గిరిజన గ్రామాలకూ అయిదు శాతం, మళ్ళీ కాగితం మీదికి వచ్చింది. ఈసారి మా ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడిగినా ఆ రసీదు పుస్తకం పట్టుకుని నేను వెళ్ళలేకపోయేవాణ్ణి. ఆ తాండ్ర అవ్వ ఇప్పుడు లేదు.

2009 తర్వాతి కార్యక్రమం ఫలితాన్ని కాగ్ 2018లో వెలువరించిన నివేదికలో లెక్క కట్టింది. 2012 నుంచి 2017 వరకు 81,168 కోట్ల రూపాయలు ఖర్చయితే, 40 లీటర్ల లెక్కన నీరందిన ఆవాసాలు పెరిగింది 8 శాతం, 55 లీటర్ల లెక్కన 5.5 శాతం. కట్టినవి కట్టినట్టే వెనక్కి జారిపోతుంటే ఇంతకన్నా ఎలా పెరుగుతాయి?

ఈ మధ్యలోనే 2015 వచ్చింది. 14వ ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది. ‘మీ వాటా పెంచాం గదా, ఇక మీరే చూసుకోండి’ అన్నట్టు తాగునీటికిచ్చే సొమ్మును కేంద్రం బాగా తగ్గించింది. దీనికి రెండు తెలుగు రాష్ట్రాలు స్పందించిన తీరు గమనించదగినది. తెలంగాణ అప్పులు తెచ్చి మిషన్ భగీరథ కట్టుకుంది. 2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గరి కోమటిబండలో ప్రధానమంత్రే దాన్ని ప్రారంభించారు. ఈ పథకానికి 19 వేల కోట్లు ఇవ్వవలసిందని నీతి ఆయోగ్ సిఫారసు చేసినా ఆ డబ్బు రాలేదు. 2019లో జల్ జీవన్ వచ్చేసరికి తెలంగాణలో గొట్టాలు చాలావరకు వేసి ఉన్నాయి. ముందుగా పని చేసుకున్నవారికి కొత్త సంచిలో పెద్దగా ఏమీ దక్కలేదు, అప్పు మాత్రం మిగిలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలైంది, రెండు రూపాయలకు ఇరవై లీటర్ల శుద్ధజలం. దాతలమీదా కంపెనీలమీదా ఆధారపడి, ప్రభుత్వానికి తక్కువ ఖర్చుతో పోయే మార్గం. గొట్టాలు వేయడానికి డబ్బు లేనప్పుడు ప్లాంటు పెట్టడం సులభం గదా! మా ట్యాంకు పక్కనున్న రేకుల షెడ్డు ఆ కాలపుదే. షెడ్డు మూతపడి చాలాకాలమైంది. అది నేర్పిన అలవాటు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు ఊళ్ళో తాగడానికి ప్రైవేటు ప్లాంటువారి టిన్ను కొనని ఇల్లు అరుదు. తోటల్లో కాయ కోసే కూలీలకు, వరిగడ్డి పరిచి పెట్టెలు సర్దేవారికి, లారీ డ్రైవర్లకు, అందరికీ టిన్నే. శుద్ధి చేసే క్రమంలో పారబోసే నీరెంతో లెక్కించినవారు మా ఊళ్ళో లేరు.

నా అభిప్రాయంలో ఆ రెండు మార్గాలలో తెలంగాణది మేలు. నది నీరు తెచ్చారు, కేంద్రం దయ కోసం ఎదురు చూడలేదు. అయితే అక్కడ కూడా ఆ గొట్టాలను ముప్పై ఏళ్ళు నడిపేదెవరన్న ప్రశ్న అలాగే ఉంది.

ఇక జల్ జీవన్ మిషన్. 2019 ఆగస్టు 15న ప్రకటించారు. మొత్తం 3 లక్షల 60 వేల కోట్లు, అందులో కేంద్రం వాటా 2 లక్షల 8 వేల కోట్లు. మనవంటి రాష్ట్రాలు సగానికి సగం భరించాలి. ఆనాడు దేశంలో కుళాయి ఉన్న గ్రామీణ గృహాలు 3 కోట్ల 23 లక్షలు. 2025 నాటికి 15 కోట్లు దాటాయి. ఇది చిన్న సంగతి కాదు. ఈ విషయంలో పెదవి విరవడానికి నాకు మనసొప్పదు. కానీ మన రాష్ట్రం తన సగం వాటాను సకాలంలో సర్దలేక, కేంద్రం ఇస్తానన్నది కూడా పూర్తిగా తెచ్చుకోలేకపోయింది. మరోవైపు కేంద్రం కూడా 2024–25లో ఈ పథకానికి 70,163 కోట్లు చూపి, సవరించిన అంచనాల్లో దాన్ని 22,694 కోట్లకు దించింది. 2024తో ముగియవలసిన గడువును 2025 ఫిబ్రవరి బడ్జెట్లో 2028 దాకా పొడిగించింది. సొమ్ము ఆగిన చోట గుత్తేదారు ఆగుతాడు, తవ్విన గోతిలో వాననీరు నిలుస్తుంది.

మా ఊళ్ళో గొట్టాలు వేశారు. ప్రతి ఇంటి ముందూ సిమెంటు దిమ్మలో ఒక కుళాయి. ట్యాంకుకు రంగు వేయడానికి వచ్చిన పెయింటరు నన్ను పిలిచి, ‘జల్’కు పొల్లు పెట్టాలా, ‘జల’ అని రాయాలా అని అడిగాడు. జీవితంలో ప్రభుత్వ పథకమొకదాని విషయంలో నా పాండిత్యం పనికివచ్చిన సందర్భం అదొక్కటే. పొల్లు పెట్టమన్నాను.

పంపు ఆపరేటరు నా పాత శిష్యుడు. పదో తరగతిలో గణవిభజన చేయమంటే గురువు లఘువులను కలగాపులగం చేసేవాడు. కానీ ఊళ్ళో ఏ గొట్టం ఎక్కడ పగిలిందో, ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఊరిని మూడు వంతులు చేసి, వంతుకో గంట చొప్పున నీళ్ళు వదులుతాడు. పై వీధికి ఆఖరి వంతు. కరెంటు పోతే ఆ వంతే పోతుంది. అతని జీతం చిన్నది, అది కూడా నెలలు గడిచాక వస్తుంది. ఇన్ని కొత్త కుళాయిలు వచ్చాయి గదా, నీ పని ఎలా ఉందిరా అన్నాను. “గొట్టం కొత్తదేనండి మాస్టారూ, మోటారు పాతదేనండి” అన్నాడు.

ఆ మాట చుట్టూనే నేనీ టపా రాస్తున్నాను. కేంద్రం విధానం మారిన ప్రతిసారీ కట్టడానికి డబ్బు వస్తుంది. నడపడానికి రాదు. 2009 నాటి కార్యక్రమంలో నిర్వహణకు పదిహేను శాతం దాకా వాడుకునే వెసులుబాటు ఉండేది. జల్ జీవన్‌లో ఆ భారాన్ని పంచాయతీలమీదికి తోశారు, నీటి పన్నులతోనూ ఆర్థిక సంఘం గ్రాంటులతోనూ నడుపుకొమ్మన్నారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థలకు నీరు, పారిశుద్ధ్యాల కోసమే 1,42,084 కోట్లు కేటాయించిన మాట నిజం. కానీ 2021లో మన రాష్ట్రంలో పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం సొమ్మును విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసుకున్నప్పుడు సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కరెంటు బాకీ కట్టవద్దని నేననను. కానీ ఆ తర్వాత మోటారు కాలిపోతే బాగు చేయించడానికి సర్పంచి తన జేబులోంచి తీయవలసిందే.

నీటి మూలం సంగతి ఇంతకన్నా అన్యాయం. మా తాతల కాలంలో మామిడి మొక్కకు మొదటి కొన్నేళ్ళు కుండలతో పోసి, తర్వాత వాననే నమ్మేవారు. ఇప్పుడు తోటకొక బోరు. మామిడి కొట్టేసి ఆయిల్‌పామ్ వేసినవారి బోర్లు మరింత లోతు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదు. మా ట్యాంకు బోరు దగ్గర నిలబడి చుట్టూ చూస్తే ఆ దూరంలోపల ఎన్ని మోటారు షెడ్లు కనిపిస్తాయో నేను ఇక్కడ రాస్తే రేపు నాతో మాట్లాడేవారుండరు. అందులో ఒకటి మా దాయాదులది. ఇంకా చిత్రమేమంటే, 2015 సెప్టెంబరునుంచి పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువలో మా ప్రాంతం మీదుగానే కృష్ణకు పోతోంది. గట్టు మీద నిలబడి చూస్తూ టిన్నులోని నీళ్ళు తాగుతాం.

మా పొరుగున ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండాల వ్యాధి ఎందరిని పొట్టనబెట్టుకుందో పత్రికలు చదివేవారికి తెలుసు. కారణమిదని తేల్చడానికి నేను వైద్యుణ్ణి కాను, వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. కాని అక్కడివారు బోరు నీటిని నమ్మలేక, కృష్ణా నీరు గొట్టాల్లో ఎప్పుడు వస్తుందా అని ఏళ్ళ తరబడి ట్యాంకర్ల దగ్గర బిందెలు పట్టుకు నిలబడ్డారు. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. బావి నీరు మనిషిని కుంగదీయగలదని తెలుగు దేశానికి తొంభై ఏళ్ళుగా తెలుసు.

నా సలహా ఎవరూ అడగలేదు. అయినా మాస్టారు గనుక చెప్పకుండా ఉండలేను. కేంద్రం ఏ పేరు పెట్టినా, ఎంత ఇచ్చినా, మానేసినా, రాష్ట్ర బడ్జెట్లో రెండు పద్దులు మాత్రం కదలకుండా ఉండాలి. ఒకటి ఊరూరా పంపు ఆపరేటరు జీతం, అతని చేతికి మరమ్మతు సామగ్రి. రెండోది తాగునీటి బోరు చుట్టూ ఆ 250 మీటర్ల కాపలా. డబ్బెక్కడిదంటారు. ఊరిని అడగండి, కొంత ఇస్తుంది. నాణేలు లెక్కపెట్టించిన ఊరది. కానీ ఇచ్చినవారి రసీదు మరో ప్రభుత్వం వచ్చినా చెల్లుతుందన్న నమ్మకం కలిగించాక అడగండి. 2025 బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం కూడా నిర్వహణ మాట ఎత్తింది, రాష్ట్రాలతో విడివిడిగా ఒప్పందాలు చేసుకుంటామంది. ఆ ఒప్పందంలో మా శిష్యుని జీతానికి ఒక గడి ఉందో లేదో చూసి చెప్పగల మిత్రులెవరైనా ఉంటే వ్యాఖ్య రాయండి. పాసుపుస్తకం ఇంకా పారేయలేదు.

మోటారు నాలుగు రోజులుగా నూజివీడులో, వైండింగు షాపులో ఉంది. ఇవాళ తెచ్చి దింపుతామన్నారు. దిమ్మలో కుళాయి గాలి ఊదుతున్న చప్పుడు వినిపిస్తోంది, వెనకే నీళ్ళు రావచ్చు. బిందె పెట్టి వస్తాను.